దగ్గరగా చూసే పని

కళ్లజోళ్ల దుకాణంలో ఆమె పని, వచ్చినవాళ్ల ముఖానికి జానెడు దూరంలో తన ముఖం పెట్టి ఫ్రేము ముక్కు మీద సరిగ్గా కూర్చుందో లేదో చూడటం. ఆ జానెడు దూరమే ఇప్పుడు ఆమె ప్రాణం తోడేస్తోంది.

అద్దాల మీద గీతలు వెతికే భూతద్దంతో ఒక మధ్యాహ్నం ఊరికే తన ముక్కు చూసుకుంది. జిడ్డు మెరుపు, దాని నిండా నల్లటి చుక్కలు. ఎదురుగా కూర్చునేవాళ్లు చూసేది ఇదేనా? అప్పటినుంచి వాళ్ల చూపు ఎక్కడ ఆగుతోందో కనిపెట్టడమే పనైపోయింది. గోళ్లతో నొక్కింది. చివరికి అద్దాలు తుడిచే స్పిరిట్ దూదికి పట్టించి రుద్దింది. చర్మం భగ్గుమంది. కాసేపటికి మళ్లీ జిడ్డు తేలింది. తోలు లేచేదాకా మళ్లీ రుద్దింది.

ఆస్పత్రిలో నర్సుగా చేసే అక్క వాసన పట్టేసింది.

"ఏమే, అది ముఖమనుకున్నావా, షోకేసు అనుకున్నావా?"

"రంధ్రాలు మూసుకుపోయాయక్కా. తెరుచుకోవాలిగా."

"తెరవడానికి వాటికి తలుపులున్నాయా? నూనె ఊరడం చర్మం పని. అందరి ముక్కు మీదా ఉంటాయవి. పొద్దునా సాయంత్రం ఘాటు లేని సబ్బుతో కడుక్కో, గిల్లకు. నెమ్మదిగా తగ్గుతాయి. ముందు ఆ పుండు మాననీ."

"నీకేం, మాస్కు కట్టుకుని తిరుగుతావు."

మర్నాడు ఒక పెద్దావిడ జోడు వెనక్కి తెచ్చింది. తల వంచితే జారిపోతోందట. ఆవిడకు అమర్చిన రోజు తను చేతులు మాత్రం చాచి, ముఖం పక్కకు తిప్పుకుంది. యజమానికి అది తెలుసు.

"దూరం నుంచి పెడితే ఇంతేనమ్మా. ఇష్టం లేకపోతే చెప్పు, వెనక గదిలో అద్దాలు అరగదీసుకుందువుగాని."

వెనక గది. అక్కడ ఎవరూ రారు, ఎవరూ చూడరు. ఆ మాటకి గుండె తేలికపడింది. తేలికపడినందుకే ఆమెకి భయం వేసింది. అందులోకి వెళ్తే మళ్లీ తనంతట తను బయటికి రాదు.

"నేనే చేస్తానండీ," అని ముందుకు వంగింది. పెద్దావిడ ఊపిరి చెంపకు తగిలేంత దగ్గరికి.

"ఆఁ, ఇప్పుడు బాగా కనిపిస్తోంది. అయ్యో, ముక్కేంటమ్మాయ్, అలా కమిలిపోయింది?"

ఆమె చేయి ముక్కును కప్పుకోవడానికి సగం దాకా లేచింది.

"తెలివితక్కువగా స్పిరిట్ రుద్దానండీ," అంది. లేచిన చేత్తోనే ఆవిడ చెవి వెనక జోడు కాడ సరిచేసింది. "ఏదీ, ఒకసారి తల వంచండి."