ఎంత దూరంలో ఉండాలి?

నేను ఒక సీసపు డబ్బాను. చూడటానికి పచ్చడి జాడీ అంత ఉంటాను. ఆ లెక్కన ఒంటిచేత్తో ఎత్తబోయిన ప్రతి మనిషీ మొదటిసారి "అబ్బో" అనక మానడు. నా గోడ మందం నా కడుపు వెడల్పు కంటే ఎక్కువ. లోపల పట్టేది ఒక చిన్న గాజుసీసా, అందులో ఒకే ఒక గొట్టం మాత్ర. ఆ కాస్తదానికి ఇంత సీసం ఎందుకంటే, నా ఒంటిమీద అంటించిన పసుపుపచ్చ బొమ్మను చూడండి. మూడు రెక్కలుంటాయి. దాన్ని ఫ్యాను కంపెనీ గుర్తనుకున్న వాచ్‌మన్ ఒకాయన్ని ఎరుగుదును. అది రేడియేషన్ గుర్తని తెలిసినవాళ్ళు మాత్రం చెయ్యి వెనక్కి తీసుకుంటారు.

చచ్చిపోయిన బస్సు బ్యాటరీల సీసం కరిగించి, హైదరాబాదు శివార్లలో ఒక కొలిమి దగ్గర నన్ను పోతపోశారు. అచ్చులోంచి తీసిన ముసలి పనివాడు గోరుతో గీకి, చెవి దగ్గర పెట్టుకుని తట్టి చూశాడు. "గాలిబుడగ ఒక్కటి లేదు. ఇంక దీన్లోంచి ఏదీ బయటికి రాదు" అన్నాడు. పొగిడాడనుకుని మురిసిపోయాను. నాలోంచి మాట కూడా బయటికి రాదని, అందరూ వినవలసినదాన్ని నేనొక్కదాన్నే విని ఊరుకోవాలని అప్పుడు తెలియలేదు.

ఆ తర్వాత నా పని మోత. మందు తయారైన చోటి నుంచి విమానంలో, అక్కణ్ణుంచి వ్యానులో గోదావరి ఒడ్డున ఉన్న ఒక పెద్ద ఆసుపత్రికి వెళ్ళేదాన్ని. వ్యాను డ్రైవరు నన్ను వెనక మూలకు నెట్టి, అన్నం తినేటప్పుడు బండికి దూరంగా వెళ్ళి కూర్చునేవాడు. తిన్నాక చెట్టుకింద కూర్చుని పొగ మీద పొగ తాగేవాడు. నన్ను చూసి అంత భయపడే మనిషికి చేతిలో కాలుతున్న చుట్ట మీద ఎంత నమ్మకమో!

ఆసుపత్రిలో నన్ను అందుకునేది ఇమ్మానియేలు. ఆ విభాగంలో టెక్నీషియను. ఎవరినీ నొప్పించలేని మనిషి. గది బయట బెంచీమీద కూర్చున్నవాళ్ళు అడిగేవన్నీ అతనికి కంఠతా వచ్చు. జుట్టు ఊడిపోతుందా బాబూ? ఒంట్లోకి కరెంటు ఎక్కిస్తారా? నా కంచంలో మా ఆయన తినొచ్చా? ఎముకల స్కాను చేయించుకున్న ఒక తాతగారు, రాత్రి దీపం ఆర్పాక తన ఒళ్ళు మెరుస్తుందేమోనని గుసగుసగా అడిగాడు. "మెరిస్తే మంచిదే కదా తాతగారూ, దొడ్లోకెళ్ళడానికి టార్చిలైటు అక్కర్లేదు" అన్నాడు ఇమ్మానియేలు. బెంచీ అంతా నవ్వింది. తర్వాత అతనే నెమ్మదిగా చెప్పాడు. స్కానుకు ఎక్కించే మందు చిటికెడు. చుట్టపుచూపుగా వచ్చి, ఒకటి రెండు రోజుల్లో నీళ్ళతోపాటు వెళ్ళిపోతుంది. నీళ్ళు బాగా తాగండి, భయం వద్దు.

అది నిజమే. కానీ నేను మోసేది స్కాను మందు కాదు. అదుపు తప్పిన థైరాయిడ్‌కు వైద్యం చేసే అయొడిన్. మెడలో ఉండే ఆ గ్రంథికి అయొడిన్ అంటే ఆశ. ఎక్కడున్నా లాక్కుంటుంది. ఆ ఆశనే వాడుకుని లోపలికి వెళ్ళి, దాన్ని లోపలి నుంచే కాల్చే మందు ఇది. ఎందరికో ప్రాణం తెరిపిన పడింది దీనివల్ల, కాదనను. అయితే గ్రంథి ఎవరిదో ఈ మందుకు తెలియదు. అందుకే కడుపుతో ఉన్న మనిషికి ఇవ్వకూడదు. ఆడవాళ్ళెవరికైనా సరే, ముందు గర్భ పరీక్ష చేసి తీరాలని గోడమీద రాసే ఉంది.

ఒకసారి పెళ్ళికాని అమ్మాయికి ఆ పరీక్ష చేయాలన్నందుకు ఆమె తండ్రి ఇమ్మానియేలు కాలరు పట్టుకున్నాడు. వరండా అంతా గుమిగూడింది. ఆనాటి నుంచి ఇతను ఒక తోవ వెతుక్కున్నాడు. రోగికి తోడుగా వచ్చిన పెద్ద ఆడమనిషిని పక్కకు పిలిచి, తల దించుకుని అడిగేవాడు. ఆమె లేదంటే లేదని రాసుకునేవాడు. ఎవరి పరువూ పోయేది కాదు. ఇల్లాలి సంగతి ఇంట్లోవాళ్ళకు తెలియకుండా ఎలా ఉంటుందని అతని ధీమా. ఆ ధీమా చూస్తే నాకు దడ పుట్టేది. డబ్బానే అయినా, చాలా ఇళ్ళ మాటలు విన్నదాన్ని.

వీరవేణి వచ్చిన రోజు నాలో ఉన్న మాత్ర ఆమె పేరుమీద వచ్చిందే. ముప్ఫై నిండని మనిషి. కళ్ళు ముందుకు పొడుచుకొచ్చాయి, చేతులు వణుకుతున్నాయి, గాజులు మోచేతిదాకా జారిపోతున్నాయి. భర్త లారీ డ్రైవరు, నాగపూర్ వైపు వెళ్ళాడు. కిందటిసారి ఆ విభాగం డాక్టర్ హైమవతి అతన్ని పిలిచి, వైద్యం అయ్యేదాకా, అయ్యాక కూడా కొన్నాళ్ళు బిడ్డలు వద్దని గట్టిగా చెప్పారు. అతను తల ఊపాడు. ఆ మాట భార్యతో అనడానికి సిగ్గుపడి లారీ ఎక్కేశాడు. ఇప్పుడు తోడొచ్చింది అతని అక్క పుణ్యవతి. ఇంటి పెత్తనం ఆవిడదే. మరదలి చెయ్యి వదలకుండా, మెట్టు మెట్టుకూ "నెమ్మది, నెమ్మది" అంటూ తీసుకొచ్చింది.

ఇమ్మానియేలు ఆవిడను పక్కకు పిలిచాడు. "అమ్మా, మీ మరదలుగారికి... అంటే... ఏమైనా విశేషమా?"

"విశేషమా! ఆ భాగ్యం కూడానా బాబూ" అంది పుణ్యవతి. "రెండుసార్లు నిలిచింది, రెండుసార్లూ పోయింది. కిందటి వారమే కదండీ మూడ్రోజులు బయటుంది. పెరటి అరుగు మీదకి అన్నం పెట్టింది నేనేనండీ."

"ఖాయమేనా అమ్మా?"

"ఆయ్, నా కళ్ళతో చూశానండీ."

ఆవిడ ఒక్క అబద్ధం ఆడలేదు. చూసిందే చెప్పింది. ఇమ్మానియేలు బరువు దిగినట్టు ఊపిరి వదిలి, లేదని రాసుకుని, నా మూత తీశాడు. నా ఇష్టప్రకారం జరిగేదైతే ఆ మూత బిగుసుకుపోయి ఉండేది. నా ఇష్టం ఎవరిక్కావాలి?

మాత్ర మింగమంటే జనం సాధారణంగా జంకుతారు. వీరవేణి జంకలేదు. ఆ సీసాను ప్రసాదంలా కళ్ళకద్దుకోబోయింది. "వద్దమ్మా, తొందరగా మింగేయండి" అన్నాడు ఇమ్మానియేలు. గబుక్కున మింగి, గ్లాసెడు నీళ్ళు తాగి, కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంది. ఏం మొక్కుకుంటోందో ఎవరూ అడగలేదు.

మాత్ర కరిగి ఒంట్లో కలిసేదాకా ఆమెను ఆ గదిలోనే కూర్చోబెట్టారు. ఖాళీ అయిన నేను బల్లమీద ఉన్నాను. గంట దాటాక ఇమ్మానియేలు సీసపు తెర వెనక నిలబడి, రోజూ చెప్పే పాఠమే చెప్పాడు. పుణ్యవతి గుమ్మం అవతల నిలబడి శ్రద్ధగా వింది. వారం పది రోజులు విడిగా పడుకోవాలి. బట్టలు విడిగా ఉతుక్కోవాలి. చిన్నపిల్లల్నీ, కడుపుతో ఉన్నవాళ్ళనీ దగ్గరకు రానివ్వకూడదు.

"ఎంత దూరంలో ఉండాలండీ?" అంది వీరవేణి.

"ఒక మంచం పొడవు అనుకోండి."

"చంటిబిడ్డయితే?"

"ఇంకా దూరం. మీ ఇంట్లో చంటిపిల్లలున్నారా?"

"లేరండీ" అంది వీరవేణి. "దూరం పెట్టడానికి వీల్లేని బిడ్డయితే ఏం చెయ్యాలండీ?"

అతను కాగితాలు సర్దుకుంటూనే నవ్వాడు. "దూరం పెట్టడానికి వీల్లేని బిడ్డేంటమ్మా?" అని తలెత్తాడు.

వీరవేణి రెండు చేతులూ పొట్టమీద ఉన్నాయి. వణుకుతూనే ఉన్నాయి.

ఇమ్మానియేలు కాగితాలు బల్లమీద పడేశాడు. డాక్టరుగారి కోసం పరుగెత్తబోయి మోచేత్తో నన్ను నేలమీదకు తోసేశాడు. సీసం మెత్తన. నా అంచు సొట్టపోయింది. ఆ సొట్టతో నేలమీద పడి ఉండే మిగతాదంతా విన్నాను.

మొదటి రెండుసార్లూ నెల తప్పగానే వీధంతా చెప్పుకున్నారట. రెండుసార్లూ పోయేసరికి దిష్టి అన్నారు. ఈసారి మూడో నెల దాటేదాకా చీమకు కూడా చెప్పకూడదని వీరవేణి ఒట్టు పెట్టుకుంది. ఇంట్లో నోరున్నవాళ్ళే అందరూ. అందుకని నెలనెలా రాని బహిష్టును వచ్చినట్టు నటించి, మూడేసి రోజులు పెరటి అరుగుమీద కూర్చుంది. వేవిళ్ళన్నీ జబ్బు ఖాతాలో పడ్డాయి. ఈ థైరాయిడ్ తగ్గకపోతే కడుపు నిలవదని ఎవరో చెప్పగా విని, బిడ్డ కోసమే ఈ మాత్రకు తొందరపడింది. మింగాక దణ్ణం పెట్టుకున్నది అందుకు.

గుమ్మం దగ్గర పుణ్యవతి అంతా వింది. తర్వాత విసురుగా లోపలికి వచ్చింది.

"అమ్మా, ఆగండి, దూరం! దగ్గరకెళ్ళకూడదు!" అని అరిచాడు ఇమ్మానియేలు.

"నీ దూరం సంగతి నాకు చెప్పకు బాబూ!" అందావిడ. "నెలకి మూడ్రోజులు దూరంగానే ఉన్నాను. అరుగుమీద కంచం పెట్టి, మొహం కూడా చూడకుండా తిరిగొచ్చేశాను. ఒక్కసారి దగ్గరగా కూర్చునుంటే తెలిసేది కాదా నాకు? ముగ్గుర్ని కన్నదాన్ని!" అని మరదల్ని రెండు చేతులా కావలించుకుంది. వీరవేణి అప్పుడు ఏడ్చింది. నాకూ ఏడవాలనిపించింది. మాకు ఆ వీలు లేదు.

డాక్టర్ హైమవతి పరుగున వచ్చారు. మాత్ర కక్కించడానికి వేళ మించిపోయింది. విరుగుడు చుక్కలు వేశారు, సెలైను పెట్టారు, బిందెలకొద్దీ నీళ్ళు తాగించారు. బిడ్డ మెడలో ఆ గ్రంథి తయారయ్యేది సరిగ్గా ఈ రోజుల్లోనేనని, ఎంత లాక్కుందో ఇప్పుడు చెప్పలేమని దాపరికం లేకుండా చెప్పారు. ఉంచుకోవాలా వద్దా అన్న మాట కూడా వచ్చింది. ఆ మాటకు వీరవేణి గోడవైపు తిరిగి పడుకుంది. "ఉంచుకుంటే, కాన్పు కాగానే బిడ్డ మడమ నుంచి రక్తం తీయించాలి. ఆ గ్రంథి పనిచేయకపోతే బిడ్డ మెదడు ఎదగదు, ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకూడదు" అన్నారు డాక్టరుగారు. పుణ్యవతి చేతిలో చెయ్యేసి మాటిచ్చింది.

సొట్టపోయిన అంచుమీద మూత కూర్చోదు గనక నన్ను మోత పనినుంచి తప్పించారు. రేడియేషన్ మీటరు పెట్టి చూసి, నావల్ల ఎవరికీ ప్రమాదం లేదని తేల్చారు. నవ్వొచ్చింది. ఇమ్మానియేలు నన్ను తన గది తలుపుకు అడ్డంగా పెట్టుకున్నాడు. పైవాళ్ళ విచారణ జరిగింది, చీవాట్లు తిన్నాడు. ఇప్పుడు ప్రతి ఆడమనిషినీ ఒంటరిగా గదిలోకి పిలిచి అడుగుతాడు. చిన్నా పెద్దా లేకుండా పరీక్ష చేయిస్తాడు. తండ్రులు ఇంకా కేకలేస్తూనే ఉన్నారు. తల దించుకుని తిట్లన్నీ తింటాడు, పరీక్ష మాత్రం మానడు.

వీరవేణి వాళ్ళకు ఫోను చేస్తూ ఉండేవాడు. బాగానే ఉందనేవారు. తర్వాత కొన్నాళ్ళు ఎవరూ ఎత్తలేదు. చివరికి ఒక మధ్యాహ్నం పుణ్యవతి ఎత్తింది. గొంతు నిండా సంబరం. ఇమ్మానియేలు చేతుల్లో పనుండి ఫోను బల్లమీద పెట్టి మాట్లాడుతున్నాడు గనక నాకూ వినిపించింది.

"పాప పుట్టిందండీ! నెల ముందే తొందరపడింది, ఊళ్ళో నర్సమ్మ చేతిమీదే పురుడు పోసుకుంది. కాళ్ళూ చేతులూ అన్నీ బావున్నాయి. దేవుడు చల్లగా చూశాడు."

"మడమ నుంచి రక్తం తీయించారా అమ్మా?"

"పురుడు తీరకుండా పచ్చిబాలింతని, పసిగుడ్డుని గుమ్మం దాటించొద్దని మా అమ్మ ఒకటే గోల. తీరగానే తెస్తాను, ఒట్టు. పిల్లకేం లేదు బాబూ, బంగారుతల్లి. అసలు ఏడవనే ఏడవదు."

ఇమ్మానియేలు చేతిలో పని ఆగిపోయింది. "ఏడవదా?"

"ఆయ్. ఎప్పుడు చూసినా నిద్రే. పాలకి కూడా మేమే లేపాలి. ఇంత బుద్ధిమంతురాల్ని ఎక్కడా చూడలేదని వీధంతా అంటున్నారు."

అతను కుర్చీలోంచి లేచాడు. తలుపు పట్టుకుని నా పక్కనే నిలబడ్డాడు. ఆ గ్రంథి పనిచేయని పసిబిడ్డలు ఇలాగే మత్తుగా పడుకుంటారని అతనికి తెలుసు.

"అమ్మా, పాప అరికాలి మీద వేలితో గట్టిగా ఒకటి వేయండి. ఏడుపు నాకు వినపడాలి."

"అయ్యో, నిద్రపోతోంది కదా బాబూ."

"వేయండమ్మా."

అవతల చీర కుచ్చిళ్ళ చప్పుడు. వేలి దెబ్బ చప్పుడు. మళ్ళీ ఒకటి. ఇంకోసారి. ఎవరో ఆడమనిషి, వీరవేణే అనుకుంటాను, "లే తల్లీ, ఒక్కసారి లే" అంటోంది. చాలాసేపటికి ఒక ఏడుపు వచ్చింది. సన్నగా, బొంగురుగా, ముసలివాళ్ళ మూలుగులా వచ్చి, వెంటనే ఆగిపోయింది.

పుణ్యవతి ఇంక బంగారుతల్లి అనలేదు. "బాబూ, ఇప్పుడే తెస్తున్నాను" అంది.