చిట్టి మాట పూర్తయ్యేదాకా

ఇంటికి వెళ్లిపోతానని కూతురికి మాటిచ్చి, వీధి మలుపు దాకా వెళ్లింది కూడా. కాళ్లు వింటేగా! వెనక్కి తిరిగొచ్చి, లాండ్రీ షాపుకి ఎదురుగా ఉన్న మందుల షాపు మెట్ల మీద తిష్ట వేసింది చిట్టి తల్లి.

ఇవాళ చిట్టికి పనిలో మొదటి రోజు. "సాయంత్రం దాకా చూస్తాను చెల్లెమ్మా. కుదిరితే రేపటినుంచి రమ్మంటాను, లేకపోతే ఏమీ అనుకోవద్దు" అన్నాడు లాండ్రీ షాపాయన. ఇంతకుముందు రెండు చోట్ల పిల్ల నోటి మాట పూర్తి కాకముందే పంపించేశారు. ఇదీ పోతే మళ్లీ అడగడానికి చిట్టి గడప దాటుతుందా?

పుట్టినప్పుడు ఊపిరి అందడం ఆలస్యమైంది. సెరిబ్రల్ పాల్సీ అన్నాడు డాక్టరు. తెలివికి లోటు లేదమ్మా, మెదడు పంపే కబురు కండలకి సరిగ్గా అందదు, తగిలిన దెబ్బ మాత్రం ఇక పెరగదు అని చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. తలూపింది గానీ నమ్మలేదు. ఇరవై ఏళ్లుగా రోజూ పొద్దున్నే, ఇంకాస్త బిగుసుకున్నాయేమోనని పిల్ల వేళ్లు తడిమి చూస్తూనే ఉంది.

షాపులో చిట్టి ఎడం చేత్తో బట్టలకి నంబరు చీటీలు తగిలిస్తోంది. నిదానమే, కానీ తప్పు పోవడం లేదు. "కాస్త తొందరగా తల్లీ" అని ఇక్కడ తల్లి గొణుక్కుంది.

అంతలో చిట్టి లేచింది. ఇస్త్రీ చేసిన చొక్కాల దొంతర గుండెకి ఆనించుకుని, కాలీడుస్తూ అలమార వైపు కదిలింది. దారిలో బల్ల. బల్ల మీద కాలుతున్న ఇస్త్రీ పెట్టె. తల్లి కళ్లముందు అప్పుడే చెయ్యి కాలిపోయింది, ఆస్పత్రి వచ్చేసింది, ఇంకేదో కూడా.

"పెట్టె! పెట్టె చూసుకోవే!" రోడ్డు ఎలా దాటిందో తనకే తెలీదు.

ఆ కేకకి చిట్టి ఒళ్లు విల్లులా బిగిసింది. చేతులు ఎగిరాయి. బల్ల మీది నీళ్ల మగ్గు దొర్లింది, తెల్ల చొక్కాలన్నీ ఆ తడిలో పడ్డాయి.

షాపాయన తల పట్టుకున్నాడు. "రోజూ ఇలాగే అయితే ఎలాగమ్మా?"

"క్షమించు అన్నయ్యా, దానికి చేతకాదు, నేను ఉతికిస్తాను, దాన్నేమీ అనకు..."

"అమ్మా... ఆగు" అంది చిట్టి. "నా..."

"నాది తప్పు అంటోంది అన్నయ్యా."

"కా... దు!"

"అంటే, భయమేసిందంటోంది..."

"మాట్లాడేది నువ్వా, ఆ పిల్లా?" అన్నాడు షాపాయన. ఇస్త్రీ పెట్టె ఆపేసి, స్టూలు లాక్కుని చిట్టి ముందు కూర్చున్నాడు. "చెప్పమ్మా. నాకేం తొందర లేదు."

తల్లికుంది తొందర. ఒక్కో మాటకీ చిట్టి మెడ నరాలు తేలుతుంటే, మిగతా సగం తన నాలుక చివరే ఉన్నట్టుంది. అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"వెనకనుంచి... అరిస్తే... నా ఒళ్లు... ఉలిక్కిపడుతుంది. అది... నా చేతిలో... లేదు. మెల్లగా... పిలిస్తే... ఏమీ పడవు." ఊపిరి తీసుకుంది. "ముందు... మా అమ్మని... ఇంటికి పంపండి."

షాపాయన పకపకా నవ్వాడు. "అదీ మాట! ఇస్త్రీ పెట్టెతో కాదు చెల్లెమ్మా, నీతోనే ప్రమాదం."

ఆవిడకి నవ్వు రాలేదు. ఇంట్లో పగిలిన గ్లాసులు, మెట్ల మీద తగిలిన దెబ్బలు ఒక్కొక్కటీ గుర్తొస్తున్నాయి. వాటిలో ఎన్నింటికి ముందు తన కేక ఉందో! లెక్కపెట్టాలంటే భయమేసింది.

చిట్టి వంగి, తడిసిన చొక్కాల్ని ఒక్కొక్కటే ఎడం చేత్తో ఏరుతోంది. షాపాయన కాసేపు చూశాడు.

"సాయంత్రం దాకా ఎందుకులే. రేపు కూడా రా అమ్మాయ్. ఒంటరిగా."

చిట్టి మొహం వెలిగిపోయింది. తల్లి చూపు రోడ్డు మీదికి పోయింది. ఒంటరిగానా? రేపు ఈ రోడ్డెలా దాటుతుంది? ఇప్పుడు తను దాటొచ్చిందే, లారీలూ బస్సులూ చూసుకోకుండా, ఆ రోడ్డే!

నోరు తెరిచింది. కూతురు తలెత్తి చూసింది.

"వెళ్లొస్తాను" అంది తల్లి, మెల్లగా.