కొత్త నంబరుకే కొత్త ఫోను

గ్లెండాకు ఫోను అవసరం లేదు. ఉన్నది కొని ఏడాది కాలేదు, అద్దం మీద గీత కూడా పడలేదు. కానీ గురువారం గురువారం ఆమెతో బంతి దొర్లించి పిన్నులు పడగొట్టే బౌలింగు ఆట ఆడే ఆడవాళ్ళ జట్టులో కొరీన్ అనే ఆవిడ ఉంది. ఈస్టర్ వెళ్ళిన వారం ఆవిడ అరచేతిలో పట్టనంత పెద్ద కొత్త ఫోను తెచ్చి, మనవరాలి ఫొటోలు చూపించే వంకతో అందరి ముక్కుల ముందూ ఆడించింది.

"సగం వాయిదాలు కట్టగానే పాతది వాళ్ళ మొహాన కొట్టి ఇది తెచ్చుకున్నా. నీ ప్లానులో అలా కుదరదా, పాపం?" అని గ్లెండాని అడిగింది.

ఆ 'పాపం' గ్లెండాకు అరగలేదు. మర్నాటి నుంచి తమ ఊరు ఎరీలో ఉన్న ఫోను కొట్లన్నీ గాలించింది. మాల్‌లో ఉన్న వాళ్ళు సగం వాయిదాలు తీరితే తప్ప మార్చుకోనివ్వరు, పాతది వెనక్కి ఇచ్చేటప్పుడు మూల చెక్కుకుపోయినా ఒప్పుకోరు. పెట్రోలు బంకు పక్కవాళ్ళు ఎప్పుడంటే అప్పుడు మార్చుకోమంటారు గానీ, ఆ హక్కుకు నెలనెలా విడిగా కప్పం కట్టించుకుంటారు. హైవే దగ్గరి వాళ్ళు పాత కంపెనీలో మిగిలిన వాయిదాలు తామే తీరుస్తామని తియ్యగా చెప్పారు. ఎప్పుడు తీరుస్తారని అడిగితే మాట మార్చారు. ఆ కరపత్రాలన్నీ భోజనాల బల్ల మీద పరుచుకుని గ్లెండా మూడు ఆదివారాలు తల బాదుకుంది. మొగుడు నార్మ్ కంచం పెట్టుకునే చోటు లేక టీవీ ముందు కూర్చుని తిన్నాడు.

చెల్లెలు మార్సీ ఆ కరపత్రాలను పాముల్ని చూసినట్టు చూసేది. ఇంట్లో నాలుగు నంబర్లూ ఒకే కుటుంబ ప్లానులో, గ్లెండా పేరున ఉన్న ఖాతాలో ఉన్నాయి: గ్లెండాది, నార్మ్‌ది, కాలేజీలో ఉన్న కూతురిది, మార్సీది. ఖాతా ఎవరి పేరున ఉంటే నంబర్లన్నీ వాళ్ళవే. మిగతావాళ్ళు వాటిలో అద్దెకున్నట్టు లెక్క.

అద్దెకుండటం మార్సీకి కొత్త కాదు. కొడుకు టానర్ మత్తు మాత్రలకు మరిగి ఇల్లు గుల్ల చేశాక, అద్దె ఎగ్గొట్టి అక్క ఇంటి మేడ మీద గదిలో చేరింది. ఆ పేరు మోసిన మనిషికి ఏ కంపెనీ ఖాతా తెరుస్తుంది? అందుకే తన పాత నంబరును అక్క ఖాతాలో చేర్పించుకుంది. టానర్ అప్పటికే నార్మ్ రంపాలూ డ్రిల్లులూ ఎత్తుకెళ్ళి అమ్ముకుని ఊరొదిలి పోయాడు. తల్లి ఇల్లు మారిందని వాడికి తెలియదు. వాడికి సొంత ఫోను లేదు. మూడు నాలుగు నెలలకోసారి ఎవరి ఫోనో అడుక్కుని, చిన్నప్పుడు తల్లి పాటలా బట్టీ పట్టించిన ఆ ఒక్క నంబరుకే చేసేవాడు. "బతికే ఉన్నా అమ్మా" అనేవాడు, పెట్టేసేవాడు. ఆ ముక్క కోసం మార్సీ స్నానానికి వెళ్ళినా ఫోను వెంట తీసుకెళ్ళేది. ఆమెది మడతపెట్టే పాత ఫోను. దాని మీద వాయిదాలు ఎప్పుడో తీరిపోయాయి.

నాలుగో ఆదివారం గ్లెండా తను ఇప్పటికే వాడుతున్న కంపెనీ కొట్టుకే బయలుదేరింది. మార్సీ వెంటబడి కారెక్కింది.

"అక్కా, నువ్వు ఏ ప్లాను తీసుకున్నా నాకు పర్లేదు. నా నంబరు మాత్రం ఉండనీ."

"నీ నంబరేమైనా బంగారమా, ఎవరైనా ఎత్తుకెళ్ళడానికి? సీటు బెల్టు పెట్టుకో."

కొట్టులో ఉన్నాయన పేరు రాండల్. ఖాతా ఎవరి పేరున ఉందని అడిగాడు. గ్లెండా చెయ్యెత్తింది. ఇక అక్కణ్ణుంచి ఆయనకు మార్సీ కనపడలేదు.

"మీ నంబరు మీద ఫోను ఇప్పుడే మార్చుకోవడం కుదరదు మేడమ్. వాయిదాలు సగం కూడా కట్టలేదు. కొత్తగా నంబరు తీసుకునేవాళ్ళకైతే ఆ పెద్ద ఫోను వాయిదాలన్నీ మేమే కట్టుకుంటాం."

"ఇన్నేళ్ళుగా కడుతున్న మేం వెర్రివాళ్ళమా?"

"అలా అనకండి మేడమ్. అందరూ ఏం చేస్తారంటే..." అని రాండల్ బల్ల మీదికి వంగాడు. "వాయిదాలు లేని నంబరు ఒకటి తీసేయిస్తారు. దాని బదులు కొత్త నంబరు తీసుకుంటారు. బిల్లు అంతే ఉంటుంది. సిమ్ములు అటూ ఇటూ మార్చుకుంటే కొత్త ఫోను మీ చేతిలో, మీ పాతది వాళ్ళ చేతిలో. మీ నంబరు మీకు ఉండనే ఉంటుంది. మీ ఖాతాలో వాయిదాలు లేనిది ఇదిగో, చివర మూడు తొమ్మిదులున్నది."

మార్సీ మొహం తెల్లబోయింది. "అది నాది. వద్దండి. అది తీయొద్దు," అంది.

రాండల్ గ్లెండా వంక చూశాడు. గ్లెండా గాజు అరలో ఉన్న ఫోను వంక చూస్తోంది.

"అక్కా, వాడికి వేరే నంబరు రాదు. నీకు తెలుసు కదా."

"ఎనిమిది నెలలైంది వాడు చేసి. చేసేవాడైతే ఈపాటికి చేసి ఉండడా?"

"చేస్తాడు. ఎప్పుడో అప్పుడు చేస్తాడు."

"చేసి ఏం చెప్తాడే? డబ్బు పంపమంటాడు. నా గరాజులో మిగిలిన సామాను సంగతి అడుగుతాడు. నా మాట విను, నీకే మంచిది. నా ఫోను నీకిస్తున్నాను కదా, ఆ మడత డబ్బా పారేసి మనిషిలా ఉండు."

"నేను ఇంకో ఇంట్లో పని పట్టుకుంటాను. నీకు ఆ ఫోను కొనిస్తాను. కొంచెం ఆగు."

"నువ్వు కొనిస్తావు," అని గ్లెండా నవ్వింది. కొట్టులో ఉన్న ఇంకో ఇద్దరు ఇటు తిరిగారు. "ఈ నెల పాలకు నువ్విచ్చిందెంతో గుర్తుందా?"

రాండల్ గొంతు సవరించుకుని, తీసేసిన నంబరు మళ్ళీ తెప్పించడం కష్టమని, అలా చెప్పడం తన ధర్మమని చెప్పాడు. ధర్మం ఒప్పజెప్పి సంతకం కోసం కంప్యూటరు తెర గ్లెండా వైపు తిప్పాడు. గ్లెండా వేలితో సంతకం గీకింది. మార్సీ చేతిలో మడత ఫోను అప్పటికప్పుడే చచ్చింది. ఆమె దాన్ని తెరిచి, మూసి, మళ్ళీ తెరిచి చూసింది.

గురువారం గ్లెండా కొత్త ఫోను బౌలింగుకు తీసుకెళ్ళింది. కొరీన్ దాన్ని ఇటూ అటూ తిప్పి చూసి, "బాగుంది. నేను ఈ రంగు వద్దనుకున్నా," అంది.

వేసవి అంతా మార్సీ రోజూ తన పాత నంబరుకే ఫోను చేసుకునేది. ఆ నంబరు వాడుకలో లేదని ఒక గొంతు చెప్పేది, ఆమె బుద్ధిగా చివరిదాకా వినేది. సెప్టెంబరులో బడులు తెరిచిన వారం ఆ గొంతు రాలేదు. ఎవరో ఆడమనిషి ఎత్తి హలో అంది. కంపెనీ ఆ నంబరు ఇంకొకరికి ఇచ్చేసింది. మార్సీకి ఏడవాలో సంతోషించాలో తెలియలేదు. కనీసం ఎత్తడానికి ఒక మనిషి ఉంది. 'మా అబ్బాయి టానర్ చేస్తే నా కొత్త నంబరు చెప్పండి తల్లీ' అని బతిమాలింది. మర్నాడు మళ్ళీ చేసింది. ఆ మర్నాడూ చేసింది. ఆవిడ మొదట్లో అయ్యో అంది, తర్వాత సరేలెమ్మంది, తర్వాత విసుక్కుంది. చివరికి మార్సీ నంబరు తన ఫోనులో మోగకుండా బ్లాక్ చేసేసింది.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం మార్సీ వంటింటి గుమ్మంలో నిలబడింది.

"అక్కా, నీ ఫోను ఒక్కసారి ఇస్తావా? ఆవిడ నా ఫోను ఎత్తట్లేదు."

"నీకు సిగ్గు లేదా? పోలీసులకు చెప్తుంది ఎప్పుడో. ఉండు, నేనే మాట్లాడి క్షమాపణ చెప్తాను."

గ్లెండా ఫోను పట్టుకుని గరాజులోకి వెళ్ళి తలుపేసుకుంది. అవతలి ఆవిడ ఎత్తింది. గ్లెండా తానెవరో చెప్పి, చెల్లెలికి మనసు బాగుండదని, ఏమీ అనుకోవద్దని చెప్పింది.

"ఏమీ అనుకోకుండా ఎలా ఉంటానండీ," అంది ఆవిడ. "నాదీ తప్పుంది. మొన్న ఆదివారం ఒక అబ్బాయి చేశాడు. ఎత్తగానే అమ్మా అన్నాడు. మీ చెల్లెలే ఎవరిచేతో చేయించిందనుకుని నాకు ఒళ్ళు మండింది. మీ అమ్మ ఈ నంబరు వదిలించుకుంది నాయనా, ఇంకెప్పుడూ చేయకు అన్నాను."

గ్లెండా పక్కనున్న కారు మీద చెయ్యి ఆనించింది. "వాడేమన్నాడు?"

"సరేనండి అన్నాడు. వదిలించుకుందా అని ఇంకోసారి అడిగాడు. అవునన్నాను. థాంక్స్ చెప్పి పెట్టేశాడు. అప్పట్నుంచీ నాకు మనసు మనసులో లేదు. వాడు చేసిన నంబరు నా ఫోనులో ఉంది. ఎవరిదో ఏమో, చేస్తే వాడు ఎక్కడున్నాడో చెప్తారేమో. రాసుకుంటారా?"

గరాజు గోడకు నార్మ్ కొత్తగా కొనుక్కున్న రంపాలు వేలాడుతున్నాయి. గ్లెండాకు టానర్ మళ్ళీ ఈ గుమ్మంలో నిలబడటం కనిపించింది. దానికైనా ఆమె ఓర్చుకునేదేమో. ఆ నంబరు మార్సీ చేతిలో పెడితే, ఆదివారం ఏం జరిగిందో కూడా చెప్పాలి. ఎవరు వదిలించుకున్నారో, దేనికోసమో మార్సీ నోరు తెరిచి అననక్కర్లేదు, భోజనాల బల్ల దగ్గర ఎదురుగా కూర్చుంటే చాలు. బతికున్నన్నాళ్ళూ కూర్చుంటుంది. అది మాత్రం గ్లెండా భరించలేదు.

"అక్కర్లేదండి," అంది. "మా చెల్లెలికి పిల్లల్లేరు."

ఆవిడ, "దేవుడు ఆమెను చల్లగా చూడాలి," అని పెట్టేసింది. గ్లెండా తన ఫోనులోంచి ఆ కాల్ చెరిపేసింది.

మార్సీ వంటింట్లోనే, అదే గుమ్మం దగ్గర ఉంది. చేతులు ఏప్రానుకు తుడుచుకుంటూ ఉంది, అవి తడిగా లేకపోయినా.

"ఏమంది?"

"ఎవరూ చేయలేదంట."

"సరిగ్గా అడిగావా? టానర్ అని పేరు చెప్పి అడిగావా?"

"అడిగానే. ఎవరూ చేయలేదంట."

మార్సీ తలూపింది. అక్క దగ్గరికొచ్చి రెండు చేతులతో ఆమె చెయ్యి పట్టుకుంది.

"నువ్వు అడిగావు చూడు, అంతే చాలక్కా. నీ నంబరుకైతే ఆవిడ పలుకుతుంది. వారానికోసారి ఇలాగే అడుగుతావా?"

"అడుగుతాలే," అంది గ్లెండా.