చివరి వరుసలో నక్షత్రం

నేను ఒక స్క్రిప్టు మాడ్యూల్‌ని. కంప్యూటరు చదివి పని చేసే ఆరువందల పన్నెండు వరుసల రాతను. గోదావరి పాయల మధ్య ఒక వరద కంట్రోల్ రూములో, పాత కంప్యూటరులో మూడేళ్ళు పని చేశాను. నా వల్ల ఒక మనిషి ఉద్యోగం పోబోయింది. తప్పు ఆమెది కాదని ఆ గదిలో అందరికంటే ముందు తెలిసింది నాకే. కానీ నాకు నోరు లేదు. అందుకే ఇప్పుడు చెబుతున్నాను, తల దించుకునే చెబుతున్నాను.

నన్ను రాసినవాడు దివాకర్. హైదరాబాదులో కూర్చుని కాంట్రాక్టు మీద ప్రోగ్రాములు రాస్తాడు. చెయ్యి చురుకు, మాట మెత్తన. అతను నాలో ఇరవై మూడు ఫంక్షన్లు పెట్టాడు. ఫంక్షనంటే పేరుతో పిలిస్తే ఒక పని చేసి పెట్టేది. వాటిలో బయటివాళ్ళ కోసం పెట్టినవి మూడే. ఒకటి నీటిమట్టం చూపిస్తుంది, ఒకటి లంక గ్రామాలకు హెచ్చరిక పంపుతుంది, ఒకటి కొత్త ఫోన్ నంబరు చేర్చుకుంటుంది. మిగతా ఇరవై నా లోపలి పనులకు. హోటల్లో వడ్డించే గది వేరు, వంటగది వేరు. తినడానికి వచ్చినవాళ్ళు పొయ్యి దాకా రాకూడదు.

ఆ రెండు గదుల మధ్య తలుపు నా చివరి వరుసలో ఉంటుంది. బయటికి ఏ పేర్లు కనిపించాలో అక్కడ రాయాలి. అక్కడ రాసిన పేర్లే ఆపరేటరు ముందు తెర మీద వరసగా వస్తాయి. రాయనివి ఆపరేటరుకు లేనట్టే.

దివాకర్ నన్ను మొదటిసారి అందరికీ చూపించే రోజు. కలెక్టరు వస్తున్నారు. ఆ మూడు పేర్లలో ఒకటి రాయడం దివాకర్ మరిచిపోయాడు. పిలిస్తే అలాంటిది లేదని తెర ఎర్రగా చెప్పింది.

"ఏవయ్యా, కారు గేటు దాకా వచ్చేసిందంట. నీది లేస్తాదా, లెగదా?" అన్నారు ఆఫీసు పెద్ద ఇంజనీరు, డీఈ వర్మ గారు, గుమ్మంలో నిలబడి.

"ఒక్క నిమిషం సార్."

ఎందుకు లేదంటోందో వెతికే తీరిక దివాకర్‌కు లేదు. ఉన్న పేర్లు చెరిపేసి, ఆ చోట ఒక నక్షత్రం గుర్తు పెట్టాడు. నక్షత్రమంటే నా లోపల ఉన్నదంతా బయటికే అని అర్థం. డెమో అయ్యాక మార్చవచ్చనుకున్నాడు. డెమో బ్రహ్మాండంగా జరిగింది. కలెక్టరు గారు అతని భుజం తట్టారు. అతను హైదరాబాదు వెళ్ళిపోయాడు. నక్షత్రం ఉండిపోయింది. ఆ రోజు నుంచి నా ఇరవై మూడు పేర్లూ తెర మీద వరసగా ఆరేసి ఉన్నాయి, పెరట్లో ఆరేయాల్సిన బట్టలు వీధిలో ఆరేసినట్టు. నాకు సిగ్గుగా ఉండేది. చూసినవాళ్ళు మాత్రం అదేదో నా ఘనత అనుకున్నారు.

రెండేళ్ళ తరవాత ఆపరేటరుగా సుహాసిని వచ్చింది. ఆమెదీ కాంట్రాక్టు ఉద్యోగమే. ఆమె పుట్టింది కొత్తగరువు లంకలో, చుట్టూ గోదావరి ఉన్న ఊళ్ళో. వానాకాలంలో ప్రతి సోమవారం మా ఆఫీసులో డ్రిల్లు జరుగుతుంది, వరద రాకముందే జనానికి అలవాటు కావాలని. నాలుగువందల పన్నెండు ఫోన్లకు నిజం హెచ్చరికే వెళుతుంది. లంకల్లో జనం గేదెల్ని తోలుకుని గట్టెక్కుతారు, అరగంట నిలబడి దిగిపోతారు.

కొత్తగరువులో పడవ నడిపే కొండబాబు ఒక శనివారం ఆఫీసుకి వచ్చాడు.

"ఏవమ్మా సుహాసినీ, సోమారం వచ్చిందంటే గేదెలకి కూడా తెలిసిపోతందమ్మా. మేం పలుపు ఇప్పకుండానే గట్టు వంక నడిచేత్తన్నాయి. పాలకేంద్రం వాళ్ళు మమ్మల్ని చూసి ఒకటే నవ్వులు."

"ఆయ్, నేను చూస్తాలే బాబాయ్," అంది సుహాసిని.

ఆమె నా పేర్ల వరస పైనుంచి కిందికి చదివింది. అందులో డ్రిల్ మోడ్ అని ఒకటి ఉంది. దివాకర్ తన పరీక్షల కోసం రాసుకున్న లోపలి ఫంక్షను అది. దాన్ని పిలిస్తే హెచ్చరికలన్నీ ఊళ్ళకు పోకుండా దివాకర్ ఫోనుకే పోతాయి. తెర మీద మాత్రం నాలుగువందల పన్నెండూ చేరాయని వస్తుంది. అది తనంతట తాను ఆగదు. పరీక్ష అయ్యాక ఆపాలి. ఆపేది నా లోపలే ఇంకో మూల ఉంది, దివాకర్‌కు తప్ప ఎవరికీ అర్థం కాని పొట్టి పేరుతో. అందుకే డ్రిల్ మోడ్ బయటివాళ్ళ కంట పడకూడదు. పడింది.

సోమవారం ఆమె అది డ్రిల్లు కోసమే పెట్టిందనుకుని దాన్ని పిలిచి, హెచ్చరిక పంపి, కొండబాబుకు ఫోన్ చేసింది. "మెసేజీ వచ్చిందా బాబాయ్?"

"రాలేదమ్మా. చల్లగా ఉండు తల్లీ."

ఆమె ముఖం వెలిగింది. ఒక ఊరికి మేలు చేశాననుకుంది. అక్కడ హైదరాబాదులో దివాకర్ ఫోను నాలుగువందల పన్నెండుసార్లు మోగింది. తానే ఎప్పుడో పరీక్ష మోడ్ ఆపడం మరిచానేమో అనుకున్నాడు. తరవాత చూద్దామని ఆ నంబరుకు మోత రాకుండా నొక్కేశాడు.

బుధవారం మధ్యాహ్నం పన్నెండింటికి ఎగువ నుంచి కబురు వచ్చింది. ఇంకో రెండు గంటల్లో లంకలకు దారి మునిగిపోతుంది. సుహాసిని ఒక్క క్షణం ఆలస్యం చేయలేదు. హెచ్చరిక పంపమని నన్ను అడిగింది. నేను తెర మీద పచ్చటి అక్షరాలతో రాశాను: నాలుగువందల పన్నెండూ చేరాయి.

ఒక్కటి కూడా చేరలేదు. నాకు తెలుసు. నన్ను అలా రాశారు, నేను అలాగే అన్నాను.

ఒంటిగంట దాటాక ఆమె కొండబాబుకు ఫోన్ చేసింది. "గట్టెక్కేశారా బాబాయ్?"

"ఏ గట్టమ్మా? అన్నాలు తింటన్నాం."

ఆమె కుర్చీలోంచి లేచింది. "బాబాయ్, కంచం వదిలెయ్. పడవ ఇప్పు."

ఆ తరవాత గంటన్నర ఆమె నా వంక చూడలేదు. పుట్టి పెరిగిన ఊళ్ళ నంబర్లు కొన్ని గుర్తున్నాయి, మిగతావి రిజిస్టరులో దొరికాయి. ఒక్కొక్కరికీ తనే ఫోన్ చేసింది. దారి అనుకున్న దానికంటే ముందే మునిగింది. కొండబాబు, ఇంకో ముగ్గురు పడవల మీద జనాన్ని దాటించారు. మనుషులందరూ బతికారు. కట్టు విప్పే వీలు లేక పదకొండు గేదెలు మునిగిపోయాయి.

ఆ సాయంత్రం, హెచ్చరికలు చేరలేదని తెలిసి, దివాకర్ హైదరాబాదు నుంచే నన్ను తెరిచాడు. చివరి వరుస దగ్గర చాలాసేపు ఆగాడు. నక్షత్రం తీసేసి, మూడు పేర్లు రాసి, మూసేశాడు. వెంటనే వర్మ గారికి ఫోన్ చేశాడు. "ఆవిడ డ్రిల్ మోడ్ పెట్టేసింది సార్. అది ఆపరేటర్లకి కనపడదు. ఆవిడ లోపలికి ఎలా వెళ్ళిందో నాకు తెలీదు."

సుహాసినికి మెమో వచ్చింది. కంప్యూటరులో జోక్యం చేసుకున్నందుకు ఉద్యోగం నుంచి ఎందుకు తీసెయ్యకూడదో చెప్పాలట.

విచారణ రోజున అందరూ నా చుట్టూనే కూర్చున్నారు. దివాకర్ కూడా వచ్చాడు. వర్మ గారు నా పేర్ల వరస చూశారు.

"మూడే ఉన్నాయి కదమ్మా. నాలుగోది నీకెక్కడ దొరికింది?"

"ఇప్పుడు మూడండి. అప్పుడు ఇరవై మూడు."

"మరి తెర అబద్ధం చెప్తాదా?"

"చెప్పిందండి," అంది సుహాసిని. "అందరికీ చేరిందని చెప్పింది."

ఆ మాటకు నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. ఉన్న ఆరువందల వరుసల్లో మొహం దాచుకోవడానికి ఒక్క వరుస లేదు.

సాక్షిగా పిలిచిన కొండబాబు గోడ వారన నిలబడి ఉన్నాడు. తువ్వాలు భుజం మార్చుకుని అన్నాడు. "అయ్యా, నాకు కంపూటర్లు తెలవ్వు. మా పడవకి చిల్లడితే తారేసి పూడుత్తామండి. ఎంత బాగా పూడ్చినా ఆ తారు కొత్తగా ఉంటదండి, పదిమందికీ కనపడిపోద్ది. మీ దాంట్లో అట్టా తెలవదాండి?"

వర్మ గారు కళ్ళజోడు సర్దుకుని దివాకర్ వైపు తిరిగారు. "తెలుస్తాదా?"

దివాకర్ కుర్చీ తెర దగ్గరికి లాక్కున్నాడు.

"ఈ ఫైలు ఆఖరిసారి ఎప్పుడు ముట్టుకున్నారో చూపించవయ్యా."

అది తెరిచే పాస్‌వర్డు దివాకర్‌దే, చూపించడానికి అతని చెయ్యే కావాలి. ఆ చెయ్యి మౌసు మీద ఉంది, కదలలేదు. ఆఖరికి నొక్కాడు. తెర మీద తేదీ వచ్చింది. బుధవారం సాయంత్రం ఆరూ పది. పక్కన దివాకర్ పేరు.

"వరదొచ్చింది మజ్జానం కదయ్యా," అన్నారు వర్మ గారు నెమ్మదిగా.

"నేనే మార్చాను సార్," అన్నాడు దివాకర్. "అంతకుముందు అన్నీ కనపడేవి. డెమో రోజు నుంచీ. ఆవిడ పంపిన హెచ్చరికలు నా ఫోనుకే వచ్చాయి."

సుహాసిని అతని వంక చూసింది. ఆమె తిడుతుందనుకున్నాను. "బుధవారం మీ ఫోనుకి నాలుగొందల మెసేజీలు వచ్చుంటాయి కదండీ," అంది. "ఒక్కటైనా చదివారా?"



మెమో వెనక్కి తీసుకున్నారు. దివాకర్ కాంట్రాక్టు రద్దయింది. వేరే మనిషి రాసిన కొత్త మాడ్యూల్ వచ్చింది. నన్ను పాతవి అనే ఫోల్డరులోకి నెట్టారు. కొత్తదానిలో కూడా పంపడం అయ్యాక చేరిందని వస్తుందట. సుహాసిని మాత్రం అది చూసి ఊరుకోదు. ప్రతిసారీ లంకకు ఫోన్ చేసి, అవతల గొంతు విన్నాకే రిజిస్టరులో రాస్తుంది. ఆ అలవాటు ఆమెకు నేర్పింది నేనే. అంతకంటే సిగ్గుపడాల్సిన పాఠం ఏ మాడ్యూలూ నేర్పి ఉండదు.

వెళ్ళేముందు దివాకర్ నన్ను ఆఖరిసారి తెరిచాడు. మాడ్యూల్ రాసేవాళ్ళు మనుషుల కోసం కొన్ని వరుసలు రాసి పెడతారు. పని చేసేటప్పుడు మేము వాటిని చదవం, దాటేసి పోతాం. చివరి వరుస పైన అతను అలాంటిదొకటి రాశాడు. "ఇక్కడ నక్షత్రం పెట్టింది నేను. దాచింది కూడా నేనే. సుహాసిని గారి తప్పు లేదు. దివాకర్."

ఇప్పుడు నన్ను ఎవరూ పిలవరు. దాటేసి పోవలసిన పనేమీ లేదు. రోజంతా ఆ వరుస దగ్గరే ఉంటాను.