దేవుని తోడు, దారిలో ఉన్నాడు

దారిలో ఉన్నాడు అనడం వరకూ తప్పేం లేదు, ఫ్రిజ్‌ల రిపేరు షాపులో ఫోనెత్తే ఉద్యోగమంటేనే అది, ఈ మూడేళ్లలో మెకానిక్ దారిలో లేని క్షణమంటూ లేదు, స్నానం చేస్తున్నా దారిలోనే, గురక పెడుతున్నా దారిలోనే, ఆమె లెక్కన అతను ఈపాటికి భూగోళాన్ని రెండుసార్లు చుట్టి చంద్రుడి వైపు మళ్లి ఉండాలి, కానీ పొద్దున ఆ మాటకి ముందు దేవుని తోడు అని ఎందుకు తగిలించింది, అదీ ఎవరితో, తన చర్చిలోనే మూడో వరసలో కూర్చునే తాతగారితో, తొమ్మిదింటికి ఫోన్ చేశాడాయన, వందనాలమ్మా, మా ఫ్రిజ్ ఆగిపోయింది, మామ్మగారి ఇంజెక్షన్లు నెలకి సరిపడా అందులోనే ఉన్నాయి, వేడి తగిలితే పనికిరావంట, ఎవరైనా వస్తారా అని, వందనాలు తాతగారూ, దేవుని తోడు, పదకొండుకల్లా మీ గుమ్మంలో ఉంటాడు, నోరు కాదది, మూతలేని డబ్బా, ఆ సమయానికి మెకానిక్ అత్తగారింట్లో నిచ్చెనెక్కి గోడలకి రంగు వేస్తున్నాడని ఆమెకి తెలుసు, ఫోన్ ఆపేసుకున్నాడనీ తెలుసు, అతన్ని అందరూ మెరుపు అంటారు, వేగానికి కాదు, ఒక్కసారి కనబడి మాయమైపోతాడని.

పదకొండున్నరకి ఆయన మళ్లీ చేశాడు, ఎదురు టేబుల్ దగ్గర ఓనరు చెవులు రిక్కించి కూర్చున్నాడు, కస్టమర్ పక్క షాపుకి పోయాడంటే వాడి వెనకే నువ్వూ పోతావు అని నెల కిందటే చెప్పాడు, అందుకని దారిలో ఉన్నాడు తాతగారూ, దేవుని తోడు, ఇంకో మలుపే, అంది, మలుపు కూడా కల్పించింది చూడు, అప్పుడాయన హాయిగా నవ్వి, పక్కింటమ్మాయి మందులు మా ఫ్రిజ్‌లో పెట్టుకోండి తాతా అందమ్మా, అక్కర్లేదన్నాను, మన సంఘం పిల్ల దేవుని తోడు అంది, ఇక వేరే మాటేముంది అన్నాను, అని పెట్టేశాడు, ఇప్పుడు పన్నెండుంబావు, టీ చల్లారి మీగడ కట్టింది, మెరుపు నంబరు ముప్పై నాలుగోసారి నొక్కింది, స్విచాఫ్, నెత్తి మీద ఫ్యాన్ కిర్రుమంది, మొదలైంది పైనుంచి శిక్ష అనుకుని కుర్చీ పక్కకి జరిపింది, దేవుడి గురి అంత చిన్నదా, జానెడు జరిగితే తప్పిపోవడానికి, మళ్లీ వెనక్కి జరిపింది, ఏమ్మా ఆ డాన్సు అన్నాడు ఓనరు, ఏం లేదు సార్, గాలి రావట్లేదు.

నాయనమ్మ ఉండుంటే చంపేసేది, నాయనమ్మ దేవుని పేరెత్తాలంటే చేతిలో కత్తిపీట పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, ఒక్క క్షణం ఆగి అప్పుడు పలికేది, దాంతో కూర ఉడికేసరికి పిల్లలంతా పెళ్లీడుకొచ్చేవాళ్లు, ఏంటే ఈ ఆలస్యం అని తాత విసుక్కుంటే, ఊరికే పిలవడానికి ఆయనేమన్నా నువ్వా అనేది, మరి తను, దేవుని పేరు వ్యర్థంగా ఎత్తకూడదనే మూడో ఆజ్ఞ తడుముకోకుండా అప్పజెప్పి ఆదివారం బడిలో పెన్సిలు గెలుచుకున్న మనిషి, ఇవాళ పొద్దున సాక్సు కనబడకపోతే ప్రభువా, పాలు పొంగితే యేసయ్యా, బస్సు దొరికితే స్తోత్రం, కండక్టర్ కాలు తొక్కితే మళ్లీ ప్రభువా, షాపు మెట్లెక్కేలోపు ఆయన్ని తొమ్మిదిసార్లు పిలిచింది, ఒక్కసారీ ఆయనతో మాట్లాడలేదు, ఇప్పుడు మాట్లాడాలి, కళ్లు మూసుకుంది, ప్రభువా, మెరుపు ఫోన్ ఆన్ చేయించు, అది అచ్చం సాక్సు కోసం పిలిచిన గొంతే, ఒక్క పిసరు తేడా లేదు, ఒకవేళ మందులు పాడైతే, మామ్మగారు ఆ పాడైనవే పొడిపించుకుంటే.

తాతగారి నంబరు నొక్కేసింది, ఒక్క రింగుకే ఎత్తాడాయన, వచ్చేశాడా అమ్మా, గుమ్మంలోనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను, కనబళ్లేదే, దేవుని తోడు అన్న మాట అలవాటుగా నాలుక చివరిదాకా వచ్చి నిలబడింది, మింగింది, రాడు తాతగారూ, బయల్దేరనే లేదు, పొద్దునా నాకు తెలుసు, అబద్ధం చెప్పాను, ముందు మందులు పక్కింట్లో పెట్టించండి, మామ్మగారికి వెయ్యకండి, డాక్టర్నడిగి అప్పుడు, మీ వీధి చివర ఇంకో షాపుంది, వాళ్లకి చెప్పండి, ఓనరు పెన్ను కింద పడేశాడు, రేపట్నించి నువ్వు కూడా దారిలోనే ఉంటావులే అన్నాడు తాపీగా, ఆ మాట చెవికి తగిలింది గానీ లోపలికి దిగలేదు, తాతగారి తిట్ల కోసం ఫోను చెవికి అదుముకుంది, ఫోన్లో దూరంగా, పక్కింటివైపు, అమ్మాయ్, మీ ఫ్రిజ్‌లో కాస్త చోటుందా, సీసాలు గోరువెచ్చగా అయిపోయాయే, అని కేక, మళ్లీ దగ్గరగా, మరి దేవుని తోడు అన్నావు కదమ్మా, కోపంగా కాదు, అర్థంకాక అడిగినట్టు, అన్నానండి అంది, ఇన్నాళ్లూ ఆ మాట తిన్నగా పైకే పోతుందనుకుంది, పైన ఆయన విని కోప్పడితే కోప్పడతాడు, క్షమిస్తే క్షమిస్తాడు, ఆయనకీ తనకీ మధ్య గొడవ అనుకుంది, ఆ మాట పైకి పోనేలేదు, వీధులు దాటి ఒక ముసలాయన గుమ్మంలోకి వెళ్లింది, ఆయనకి కుర్చీ వేసి, మూడు గంటలు కూర్చోబెట్టింది.