ముగ్గురి బియ్యం

ఓడలరేవు బస్సులో కిటికీ పక్క సీటు దొరికినా సీతారత్నం బయటికి చూడటం లేదు. ఒళ్ళో ట్యాబు తెరిచి, ఎర్ర గుర్తు పడిన ఆ ఒక్క ఇంటినే మళ్ళీ మళ్ళీ చూస్తోంది. చూసినంత మాత్రాన ఎరుపు పోదని ఆమెకి తెలుసు. నొప్పి పన్ను మీదికే నాలుక పోతుంది, ఏం చేస్తాం.

ఏభై రెండేళ్ళ మనిషి. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఎండకి వన్నె తగ్గిన నీలం నేత చీర, జిప్పు పోయి పిన్నీసు పెట్టుకున్న భుజం సంచి, మెడలో గుర్తింపు కార్డు. కార్డు మీది ఫోటోలో నవ్వుతోంది గానీ, అది ఫోటో తీసినవాడు నవ్వమన్నాడని. మామూలుగా ఆమె ముఖంలో, పొయ్యి మీద పాలు పెట్టి పక్కింటికి వచ్చిన మనిషి కంగారు ఉంటుంది.

పాతికేళ్ళుగా ఊళ్ళమ్మట తిరిగి జనాన్ని ప్రశ్నలడగడమే ఆమె పని. జనాభా లెక్కలు, మరుగుదొడ్ల లెక్కలు, దోమల లెక్కలు, ఏ శాఖకి మనిషి కావాల్సి వచ్చినా కొత్తపేటలో ముందు ఆమెకే కబురొస్తుంది. పనున్న నెల కూలి, లేని నెల లేదు. పెళ్ళైన కొత్తలోనే భర్త మస్కట్ వెళ్ళాడు. మొదట ఉత్తరాలు తగ్గాయి, తరవాత ఫోన్లు తగ్గాయి, ఆఖరికి అక్కడే ఇంకో కాపురం పెట్టాడని ఎవరో చెబితే తెలిసింది. అప్పటినుంచీ అన్నగారింట్లోనే ఉంటోంది. ఒంటరి మహిళ పింఛను వస్తుంది. దాన్ని తెచ్చి వదినగారి చేతిలో పెట్టిన రోజున ఆవిడ, "ఇంకాస్త కూర వేసుకో సీతా" అంటుంది. మిగతా రోజుల్లో అనదని కాదు, కానీ ఆ రోజు గొంతు వేరుగా ఉంటుంది. ఆ గొంతే ఆ ఇంట్లో తన చోటని సీతారత్నం నమ్మకం.

ఈసారి వచ్చింది కొత్త రకం పని. పన్నో పింఛనో మార్చేశాక జనం గోల పెట్టడం కన్నా, మార్చినట్టే అనుకుని ముందు కంప్యూటర్లో నడిపి చూస్తారట. అందుకు నమూనా ఇళ్ళు కావాలి. ఎవరెవరు ఉంటారు, ఏం సంపాదిస్తారు, ఏం తింటారు, అన్నీ కావాలి. ఒక్కో ఇంటినీ కొత్త నియమంలోంచి పోనిచ్చి, ఎవరికి పెరిగింది, ఎవరికి తెగింది అని లెక్క తీస్తారు. శిక్షణ రోజున అమలాపురంలో సూపర్‌వైజరు కుర్రాడు సాయికుమార్ ఇదంతా వివరించి, "మీరు రాసే ఒక్కో ఇల్లూ రెండు మూడు వేల ఇళ్ళకి బదులుగా నిలబడుద్దండి" అన్నాడు. మిగతావాళ్ళు టీకి లేచారు. సీతారత్నం లేవలేదు.

అతనే ఇంకో మాట కూడా చెప్పాడు. నడిపి చూడబోయే మార్పుల్లో ఒకటి ఇదట: ఒకే పొయ్యి మీద తినేవాళ్ళలో నెల జీతగాడు ఉంటే, ఆ పొయ్యి మీది పింఛను తీసేస్తే ఎలా ఉంటుందని. సీతారత్నం అన్నగారి కొడుకు సొసైటీలో నెల జీతానికి గుమాస్తా, తినేది అదే పొయ్యి మీద. ఆ పూట ఆమెకి అన్నం సహించలేదు.

సర్వేలో ఇల్లంటే గోడలు కాదు, రేషను కార్డు కాదు, చుట్టరికం కాదు. పొయ్యి. ఒక పొయ్యి మీద వండింది తినేవాళ్ళంతా ఒక ఇల్లు. ఈ సంగతి జనానికి ఎలా తెలుస్తుందో గానీ తెలిసిపోతుంది. లెక్కలవాళ్ళొస్తున్నారంటే ఫ్రిజ్జు మీద దుప్పటి కప్పేసే మనుషులు, ఒకే కుండలో తింటూ కూడా ఎప్పుడో వేరుపడిపోయామని ప్రమాణం చేస్తారు. పోయిన నెల ఓడలరేవులో అప్పాయమ్మ ఒక్కతే తిరగేసి చెప్పింది.

అప్పాయమ్మ కొడుకు అంజిబాబు గ్యాసు ప్లాంటు గేటు దగ్గర కాపలా. నెల జీతం. కోడలు సత్యదుర్గ, ఇద్దరు పిల్లలు. వాళ్ళది రెండు గదుల డాబా, దాని పక్కనే ముసలామెకి తాటాకు పాక. పాక వెనక పేర్చిన కొబ్బరి మట్టలు, ఇంకా వేడి చల్లారని బూడిద సీతారత్నం కళ్ళారా చూసింది. చూసే, "పొయ్యి ఒకటేనా పిన్నిగారూ?" అని అడిగింది. ముసలామె కోడలి వైపు చూడకుండా, "ఆయ్, ఒకటేనండి. మాకు వేరేంటండి" అంది.

చెప్పింది రాయాలి గానీ చూసింది రాయకూడదు. సీతారత్నం రాసేసింది. కొడుకు తిండి పెట్టడం లేదని పరాయి మనిషి దగ్గర చెప్పుకోలేక ఆ తల్లి అబద్ధమాడిందని ఆమెకి అర్థమైంది. అలాంటివి ఆమెకి వెంటనే అర్థమవుతాయి.

నిన్న సాయికుమార్ ఫోను చేశాడు. ఆ ఇంట్లో పేర్లు అయిదున్నాయి, సత్యదుర్గ చెప్పిన బియ్యం మాత్రం ముగ్గురికి సరిపోయేవే. కంప్యూటరు ఒప్పుకోవడం లేదు. రేపు సాయంత్రంలోగా తేల్చకపోతే ఉన్నది ఉన్నట్టు నడిపేస్తామన్నాడు. నడిపేస్తే అప్పాయమ్మ జీతగాడి పొయ్యి మీద తిన్నట్టే, ఆమెకొచ్చే పింఛను పోయినట్టే. పోయేది కంప్యూటర్లోనే కదా అని సీతారత్నం తనకి తాను నచ్చజెప్పుకుంది. కానీ ఆ ముసలామె వెనక వేలమంది ముసలమ్మలు వరస కట్టి ఉన్నారు. ఆ వరసలో ఎక్కడో తనూ ఉంది. అప్పాయమ్మని పక్కన పెట్టినా నలుగురు మిగలాలి కదా, బియ్యం ముగ్గురివేమిటని ఆమెకి తట్టనేలేదు. భయం మనిషిని లెక్కలు కూడా చేసుకోనివ్వదు.

బస్సు దిగి ఇసక దారిన నడుస్తుంటే, అడగాల్సిన మాటలు లోపల కూర్చుకుంది. వేరే వండుకోవడం తప్పేం కాదు, మీ కొడుకుని ఎవరూ ఏమీ అనరు, నిజం చెబితే మీకే మంచిది. గాలికి ఎగిరే చెంగు బొడ్లో దోపుకుని, చెప్పించకుండా ఇవాళ తిరుగు బస్సు ఎక్కకూడదనుకుంది.

వాకిట్లో పందిరి వేసి ఉంది. దాని కింద అద్దె కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఒక కుర్చీలో గడ్డం మాసిన అంజిబాబు కూర్చుని నేల చూస్తున్నాడు. సత్యదుర్గ తడిచేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చింది.

"అత్తయ్యగారు పోయేరండి."

నాలుగు రోజుల కిందట పొద్దున్నే వాకిలి ఊడుస్తూ చీపురుతోనే కూలబడిపోయిందట. ఆటో వచ్చేలోపే అయిపోయిందట. ముందు రోజుదాకా మనిషి బాగానే ఉందని సత్యదుర్గ రెండుసార్లు చెప్పింది.

సీతారత్నం కుర్చీలో కూర్చుండిపోయింది. కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆ వెంటనే, చెప్పుకుంటే పాపం, కాస్త ఊరట కూడా కలిగింది. పేరు తీసేస్తే చిక్కు విడిపోతుంది. ఆ ఊరటకి ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా పని పనే కాబట్టి, ఇంటాయన అనుమతి అడిగి ట్యాబు తెరిచింది. సభ్యురాలి తొలగింపు. కారణం, మరణం. నొక్కింది.

ఎరుపు పోలేదు. నలుగురు మనుషులు, ముగ్గురి బియ్యం.

బియ్యం లెక్క ఇంకోసారి చెప్పమని నెమ్మదిగా అడిగింది. సత్యదుర్గ పోయిన నెల చెప్పిందే చెప్పి, మొగుడి వైపు తిరిగి, "మీరే చెప్పండి" అని లోపలికి వెళ్ళిపోయింది.

అంజిబాబు గొంతు సవరించుకున్నాడు. "నేనింట్లో తిననండి. అమ్మ దగ్గరే తినేవోణ్ణి."

తండ్రి పడవ మీద వెళ్ళి తిరిగి రాకపోయిన ఏటినుంచీ అదే అలవాటట. ఎవరో ఒకరు పక్కన కూర్చుంటే గానీ తల్లికి ముద్ద దిగేది కాదట. డ్యూటీ దిగి అతను నేరుగా పాకలోకే వెళ్ళేవాడు. పింఛను డబ్బుతో అతనికిష్టమైన చేపలు కొని ఉంచేది. సత్యదుర్గ మొదట్లో అలిగేది, తరవాత తనే చారు గిన్నె అటు పంపేది. వేరు పొయ్యని చెబితే కోడలు అన్నం పెట్టడం లేదని ఊరు అనుకుంటుందని, అత్తగారు ఒకటే పొయ్యని చెప్పిందట.

సీతారత్నానికి సిగ్గేసింది. తిండి పెట్టేవాళ్ళు లేరని తను జాలిపడిన మనిషి, ఇంకొకరికి పెడుతూ బతికింది. తన బతుకు కొలతతో అప్పాయమ్మ బతుకు కొలిచేసింది.

అయితే అసలు చిక్కు ఇప్పుడే వచ్చింది. లెక్క పోయిన నెలది కాబట్టి, మనిషి ఇప్పుడు లేకపోయినా, తొందరపడి తీసేసిన పేరు మళ్ళీ చేర్చి, అప్పుడు ఎవరు ఎక్కడ తిన్నారో అలాగే రాయాలి. రాస్తే అప్పాయమ్మది వేరు పొయ్యే, కానీ ఆ పొయ్యి మీద జీతగాడు ఉన్నాడు. పింఛను పోతుంది. వెనక వరసలోని వేలమందికీ పోతుంది. పాతికేళ్ళలో ఎన్నడూ చేయని పని సీతారత్నం అప్పుడు చేసింది. గొంతు తగ్గించి, అతన్ని పెళ్ళాం పిల్లలతో రాసి, బయట తింటాడని ఒక్క ముక్క చేరిస్తే ఎరుపు పోతుందని చెప్పింది. అప్పుడు తల్లిది ఒంటరి పొయ్యి అవుతుంది, అలాంటి వాళ్ళందరి పింఛనూ నిలుస్తుంది అంది. చెబుతున్నంతసేపూ అతని ముఖంలోకి చూడలేకపోయింది.

అంజిబాబు అంతా విన్నాడు.

"అమ్మ దగ్గరే రాయండి మేడమ్ గారూ," అన్నాడు. "ఆవిడ ఒక్కతే తిన్నాదని రాయకండి."

లోపల గిన్నెల చప్పుడు ఆగింది. సీతారత్నం వేలు తెర మీద ఆనీ ఆనకుండా నిలిచిపోయింది. పింఛను వచ్చే ఒకటో తారీకు గుర్తొచ్చింది, వదినగారి గొంతు గుర్తొచ్చింది. రెండో పొయ్యి తెరిచి, అప్పాయమ్మ అని రాసి, దాని కింద అంజిబాబు, కొడుకు, నెల జీతం అని చేర్చింది. ఇటు ముగ్గురు మిగిలారు. నొక్కగానే పచ్చ గుర్తు పడింది. కాసేపటికి సాయికుమార్ నుంచి థాంక్యూ మేడమ్ అని మెసేజీ వచ్చింది. ఎంతమంది పింఛను మీద తన వేలు పడిందో ఆమెకి తెలియదు, ఎవరూ చెప్పరు కూడా.

చావింట్లో వెళ్ళొస్తానని చెప్పకూడదు. సీతారత్నం సంచి సర్దుకుని మాట్లాడకుండా లేచి, పాక ముందు ఒక్క క్షణం చేతులు జోడించి నిలబడింది. లోపల చాప చుట్టి గోడకి నిలబెట్టి ఉంది. దాని పక్కన బోర్లించిన స్టీలు కంచం, ఇద్దరికి సరిపోయేంత పెద్దది, ఆ పాకలో ఉన్నది అదొక్కటే.