పడమటి కిటికీలు రెండు

గంగాధర్ ఉత్తరం కిటికీ ముందు గొంతుక్కూర్చుని, రెక్క కింది మూలలో స్క్రూడ్రైవర్ మొన ఆనించి నొక్కాడు. దిగలేదు. జానెడు అవతల మళ్ళీ నొక్కాడు. అక్కడా దిగలేదు. అయినా నమ్మకం కుదరక, వేలి కణుపుతో తట్టి చెవి ఆనించి విన్నాడు. రంగేసిన చెక్కని ఆయన ఎప్పుడూ నమ్మడు. పని మొదలెట్టకముందే కాఫీ ఇచ్చే ఇంటివాళ్ళనీ అంతే.

వెనకాల శారోన్ నిలబడి ఉంది. రెండో శనివారం కాబట్టి స్కూలు లేదు. పొద్దున్నించీ ఆయన ఏ గదిలోకి వెళితే ఆ గదిలోకి వస్తోంది. సంచీలోంచి ఏం తీస్తున్నాడో, మళ్ళీ ఏం పెడుతున్నాడో చూస్తోంది.

అమలాపురం శివారులో ఉన్న ఆ ఇంటికి ఇరవై రెండేళ్ళ క్రితం ఎనిమిది కిటికీలూ చేసింది గంగాధరే. అప్పుడు శారోన్ ఏడో తరగతి చదివేది. ఇప్పుడు హైస్కూల్లో సైన్సు టీచరు. కిటికీలన్నీ పోయాయి, మొత్తం తీసేసి జరుపుడు తలుపులవి పెట్టాలని కిటికీల షాపతను వచ్చి చెప్పి వెళ్ళాడట. ఎందుకైనా మంచిదని ఆమె భర్త రాజ్‌కుమార్ పాత మేస్త్రిని కూడా రమ్మన్నాడు.

గంగాధర్‌కి అరవై రెండేళ్ళు. ఎడమ బొటనవేలి గోరు ఎప్పుడో సుత్తి దెబ్బకి చీలి, అలాగే రెండుగా పెరిగింది. నాలుగు మెట్లెక్కితే ఆగి ఊపిరి పీల్చుకోవాలి. ఏ కంట్రాక్టరు దగ్గరా నెల మించి నిలవలేదు. వాళ్ళు తెప్పించిన చెక్కని అనుమానించేవాడు, మాట వచ్చేది, సంచీ భుజాన వేసుకుని వచ్చేసేవాడు. భార్య సుందరితో ఉంటున్న అద్దె ఇంటికి ఉన్నది ఒకే కిటికీ. తెరిస్తే పక్కింటి గోడ.

లేచి నిలబడి చెప్పాడు. ఉత్తరం వైపు ఎండ తగలదు, ఆ రెండూ కొత్తవాటిలానే ఉన్నాయి. తూర్పువాటికి బందులు మారిస్తే చాలు. దక్షిణం కిటికీల జోలికి అసలు వెళ్ళొద్దు, ఇంటికి గాలి వచ్చేది అక్కణ్ణుంచే. జరుపుడు తలుపులు పెడితే సగమే తెరుచుకుని గాలి సగమైపోతుంది.

శారోన్ అంతా విని, "మీరు చేసినవి కాబట్టి బాగున్నాయంటున్నారేమోనండి," అంది.

అలా అనుకోవడంలో ఆయనకి తప్పేమీ కనిపించలేదు. తనైనా అలాగే అనుకునేవాడు.

ఇక మిగిలింది పడమటి గది. అందులో యేసురత్నం మాస్టారు మంచం మీద ఉన్నారు. శారోన్ తండ్రి. ఎనభై దాటాయి. బాత్రూం దగ్గరని ఆ గదిలో ఉంచారు గానీ, మధ్యాహ్నం రెండు దాటితే గది పొయ్యిలా కాలుతుంది. కిటికీలు మార్చాలన్న ఆలోచన అక్కడే మొదలైంది.

గంగాధర్ ఇక్కడ వెంటనే వంగలేదు. సంచీలో ఏదో వెతికినట్టు కాసేపు ఆగాడు. తర్వాత మొన ఆనించాడు. నొక్కకుండానే వేలెడు లోతు దిగిపోయింది. గోధుమరంగు పొడి రాలింది. రెండోదీ అంతే.

శారోన్ వంగి పొడిని వేళ్ళ మధ్య నలిపి చూసింది.

"ఇది టేకు కాదు కదండీ?"

గంగాధర్ మంచం వైపు చూశాడు. మాస్టారు ఫ్యాను వైపు చూస్తున్నారు.

ఇల్లు కట్టిన ఏడు, ఆరు కిటికీలయ్యేసరికి కలప డిపోలో టేకు అయిపోయింది. కొత్తింటి ప్రార్థనకి పాస్టరుగారు రోజు ఇచ్చేశారు, చుట్టాలందరికీ కబురు వెళ్ళిపోయింది. మాస్టారు గంగాధర్‌ని పెరట్లోకి తీసుకెళ్ళి, ఉన్న మామిడి చెక్కతో కానిచ్చెయ్యమన్నారు. రంగు పడితే తెలియదన్నారు. ఇంట్లో ఎవరికీ చెప్పొద్దన్నారు. గంగాధర్ సరేనన్నాడు. ఆ తర్వాత ఆ దారిన వెళ్ళినప్పుడల్లా బయటినుంచి ఆ రెండింటినీ చూస్తూనే ఉన్నాడు.

ఇప్పుడు మాస్టారు ఒక్క మాట అంటారని ఆగాడు. ఆయన మెల్లగా కళ్ళు మూసుకున్నారు. మరిచిపోయారా? గుర్తుండే మూసుకున్నారా? గంగాధర్‌కి తేలలేదు.

"ఆయ్. మామిడి చెక్కండి," అన్నాడు.

"నాన్నకి తెలుసా?"

"వేసింది నేనేనండి, అమ్మాయిగారూ."

శారోన్ ముఖం బిగుసుకుంది. మొదటినుంచీ అనుకుంటూనే ఉన్నానన్నట్టు తలాడించింది. గొంతు పెంచలేదు. మీరింక శ్రమపడక్కర్లేదని, సోమవారం షాపువాళ్ళని రమ్మంటానని చెప్పింది. ఆయన సరేనన్నాడు. ఎవరు చేసినా మిగతా ఆరూ కదపొద్దన్నాడు. పడమటివి ఏ కిటికీలైనా సరే, పైన సన్‌షేడ్ ఇంకో అడుగు ముందుకి పోయించమన్నాడు. లేకపోతే కొత్తవీ ఎండకీ వానకీ ఇలాగే పోతాయన్నాడు. ఆమె వినీ విననట్టు వంటింట్లోకి వెళ్ళిపోయింది.

సామాను సర్దుకునేసరికి నాలుగైంది. ఎండ మాస్టారి ముఖం మీదికి వచ్చింది. గంగాధర్ భుజం మీది ఎర్రగళ్ళ తువ్వాలు తీసి కిటికీ ఊచలకి అడ్డంగా కట్టాడు. ముడి బిగిస్తూంటే వెనకనుంచి వినిపించింది.

"గంగాధరా."

"ఆయ్, మాస్టారూ."

మాస్టారు మళ్ళీ ఫ్యాను వైపు తిరిగారు. గంగాధర్ కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. పేరు గుర్తుంటే చెక్క గుర్తుండదా అని దారంతా అనుమానపడుతూనే ఇల్లు చేరాడు.

ఆదివారం పొద్దున్న, ఎక్కడో తలుపు దిగబడిందంటే చూడ్డానికి బయలుదేరి, చెప్పులు తొడుక్కుంటూ గుమ్మంలో కూర్చున్నాడు. సుందరి మంచినీళ్ళు తెచ్చేసరికి గోడకి ఆనుకుని ఉన్నాడు. అంతే.

సోమవారం సాయంత్రం రాజ్‌కుమార్ ఓడలరేవులో డ్యూటీ దిగి వస్తూ విని, ఇంట్లో చెప్పాడు. శారోన్ తండ్రికి జావ పట్టిస్తోంది.

"మన కిటికీలు చేసిన మేస్త్రిగారు పోయేరట నాన్నా," అంది.

మాస్టారు చెంచా పక్కకి నెట్టారు.

"ఆ మామిడి చెక్క వెయ్యమంది నేనేనమ్మా. ఎవరికీ చెప్పొద్దన్నదీ నేనే."

"మరి మొన్నెందుకు చెప్పలేదు?"

"అతనే చెప్పేస్తాడనుకున్నాను," అన్నారు.

ఆమె గిన్నె కింద పెట్టి బయటికి వెళ్ళింది. హాల్లో టేపు పట్టుకుని కొలతలు తీస్తున్న షాపతనితో, రెండే మార్చమని, మిగతావి ఉంచెయ్యమని చెప్పింది. తిరిగి గదిలోకి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. పడమటి కిటికీ ఊచలకి, రెండు ముళ్ళతో బిగించి కట్టిన ఎర్రగళ్ళ తువ్వాలు మాస్టారి ముఖం మేర ఎండని ఆపుతూ ఉంది.